కుర్చీ వీపు మీద కొలను

ఆ రోజుల్లో సాయంత్రమైతే చాలు, నాకు దిగులు పుట్టేది. దేనికని అడిగితే చెప్పుకోడానికి సిగ్గు. డబ్బాల అడుగున మిగిలిపోయిన రంగుల కోసం. విజయవాడ ఆటోనగర్‌లో మా మావయ్యకి లారీలకు రంగులు వేసే షెడ్డు ఉండేది. పొద్దున్నుంచీ లారీలకి పూసీ పూసీ, పని కట్టేసే వేళకి ఒక్కో డబ్బాలో గరిటెడు రంగు మిగిలేది. చిలకాకుపచ్చ గరిటెడు, వంగపండు రంగు గరిటెడు, గులాబీ రంగు అరగరిటెడు (అది మిగలకుండా నేనే వాడేసేవాణ్ణి). మర్నాటికి వాటి మీద పాల మీగడలాగా తొక్క కట్టేసేది. ఆ తొక్క చూస్తే, కడుపునిండా మాటలుండి చెప్పకుండా నోరు మూసుకున్న మనిషిని చూసినట్టు ఉండేది నాకు. ఇలాంటివి పైకంటే షెడ్డులో నవ్వుతారని ఎవరితోనూ అనలేదు. ఇప్పుడు మీతో అంటున్నాను, మీరు నవ్వినా నాకు వినపడదు కదా. ఐదో తరగతితో బడి మానేసినవాణ్ణి, ఇంత పొడుగు రాయడం నాకిదే మొదలు. అక్షరాలైతే లారీల మీద వేలకొద్దీ రాశాను గాని, అవి ఒక్కోటీ జానెడుండేవి. కాగితం మీద ఇంత చిన్నచిన్నవి రాస్తుంటే చీమల్ని వరసలో నడిపిస్తున్నట్టుంది. ఒకటి రెండు చీమలు పక్కకి పోతే మన్నించండి.

సరే, ఆ మిగిలిన రంగులు పారబోయలేక, చేతికి దొరికిన ప్రతిదాని మీదా వేసేసేవాణ్ణి. షెడ్డులో మూడుకాళ్ళ స్టూలు మీద తామరపువ్వు, టీ బడ్డీ బల్ల మీద రెండు హంసలు, మంచినీళ్ళ కుండ పెట్టుకునే స్టాండు మీద గులాబీలు. అన్నిటి మీదా గులాబీలే ఎక్కువ ఉంటాయని షెడ్డులో నన్ను గులాబీగాడు అనేవాళ్ళు. ఒకసారి మా అత్తయ్య చపాతీలు వత్తే పీట తెచ్చి, దాని మీద మంచి చిలకని వేశాను. ఆరడానికి రెండు రోజులు పడుతుందని చెప్పడం మర్చిపోయాను. ఆ పూట మావయ్య కంచంలో పడ్డ మొదటి చపాతీ మీద పచ్చటి తోక ఒకటి అచ్చు పడి ఉంది. అత్తయ్య పీట నా మీదకి విసిరినంత పని చేసింది. మావయ్య మాత్రం చపాతీని దీపం వెలుతురుకి అటూ ఇటూ తిప్పి చూసి, "చిలక బానే కుదిరిందే. చపాతీయే గుండ్రంగా రాలేదు" అన్నాడు. ఆ తర్వాత రెండు రోజులు ఆయన భోజనం హోటల్లో. నాది ఆ రెండు రోజులూ లేదు.

మావయ్యకి చదువు లేదుగాని ఒక శాస్త్రం ఉంది. లారీకి మొహం ముందు ఉండదు, వెనక ఉంటుంది. ఇదీ ఆ శాస్త్రం. కొత్తగా పనిలో చేరినవాళ్ళకి మొదటిరోజే చెప్పేవాడు. "ఒరేయ్, ఎదురుగా వచ్చేవాడు బండిని ఎంతసేపు చూస్తాడు? తుమ్మినంతసేపు. అదే వెనక పడ్డవాడో? దారి దొరకక కంకిపాడు నుంచి ఉయ్యూరు దాకా చూస్తూనే ఉంటాడు. వాడికి కాలక్షేపం కావాలా వద్దా? అందుకని ముందు సాదాగా ఒక రంగు కొట్టి వదిలెయ్యండి. మీ పనితనమంతా వెనక చూపించండి" అనేవాడు. నేను పదమూడో ఏట ఆయన దగ్గర చేరాను. ఏడేళ్ళు ఆ మాట రోజూ వింటే అది చెవుల్లోంచి చేతిలోకి దిగిపోయింది. నాకు ప్రపంచంలో ఏ వస్తువుకైనా వెనక వైపే అసలు వైపు అనిపించేది. కలలు కూడా అలాగే వచ్చేవి. కాలవగట్టు మీద నేను నడుస్తుంటాను, నా ముందు ఇంత పెద్ద రంగుల మంచం ఒకటి తనంతట తనే నడుచుకుంటూ పోతుంటుంది, దాని వీపు మీద పూలు ఊగుతుంటాయి. ఎంత నడిచినా దాన్ని దాటి ముందుకెళ్ళి చూసింది లేదు. దాటాలని అనిపించేది కాదు.

అలాంటి రోజుల్లో కూచిపూడి నుంచి ఒక పెద్దమనిషి వచ్చాడు. ఆయనది ధాన్యం లారీ, మా దగ్గరే రంగు వేయించేవాడు. ఊళ్ళో ఏ కార్యక్రమం జరిగినా కమిటీకి ఆయనే సెక్రటరీ, అందుకని అందరూ సెక్రటరీ గారూ అనేవాళ్ళు. లారీ చూసుకోడానికి వచ్చి, నా తామరపువ్వు స్టూలు మీద కూర్చోబోయి, పువ్వు తొక్కినట్టవుతుందని లేచి నిలబడ్డాడు. నాకు అంత గౌరవం ఎవరూ చెయ్యలేదు అప్పటిదాకా.

"మేస్త్రి గారూ, మా పెద్దమాస్టారికి ఈ నెల సన్మానం పెట్టుకున్నామండీ. ఎనభై దాటాయి ఆయనకి. ఆడవేషం కట్టడంలో ఆయన్ని మించినవాళ్ళు లేరు. ఆయన్ని కూర్చోబెట్టే కుర్చీ గురించే నా బాధ. టెంటుహౌసువాడిస్తాడు చూడండి ఎర్రది, పెళ్ళికొడుకులందరూ కూర్చున్నది... అది వద్దండీ. ఆయనకంటూ ఒక కుర్చీ చేయించి ఇంటికి పంపిద్దామని. ఇదిగో, ఇలాంటి పూలు వేసి."

"మనం లారీలోళ్ళమండీ బాబూ, కుర్చీలు మనకేం తెలుసు" అన్నాడు మావయ్య. నేను లారీ కింద పడుకుని గీకుతున్నవాణ్ణి అక్కణ్ణుంచే "నేను చేస్తాను మావయ్యా" అన్నాను. గొంతు ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియక సెక్రటరీ గారు లారీని చూశారు.

ఆయన వెళ్ళాక మావయ్య నన్ను బయటికి లాగాడు. "ఒరేయ్ గులాబీ, మాట ఇచ్చావు. వినుకో మరి. ఇది బాగొచ్చిందనుకో, వెనకాల రేకుల షెడ్డు ఖాళీగా ఉంది, అది నీకిచ్చేస్తా. పీటలు చేసుకుంటావో, పీతలు చేసుకుంటావో నీ ఇష్టం. తేడా వచ్చిందనుకో, ఇంక నువ్వు కుంచె ముట్టుకోకూడదు. గీకుడే. పాత రంగు గీకడమే నీ పని, నీకు పెళ్ళయ్యి మనవలు పుట్టేదాకా." గీకుడు పని మీకు తెలియదు. ఇనప రేకుతో రోజంతా పాత రంగు గీకాలి. ఆ ధూళి ముక్కులోకి పోయి, రాత్రి తుమ్మితే తెల్లగుడ్డ మీద ఇంద్రధనుస్సు పడుతుంది. ఏడేళ్ళలో సగం నేను చేసింది అదే. అందుకని ఆ కుర్చీ నాకు కుర్చీ కాదు, ఆ రేకుల షెడ్డు తలుపు.

కుర్చీ చెక్కపని పక్క షెడ్డు వడ్రంగి చేశాడు. ఆయన జన్మలో లారీ బాడీలు తప్ప ఏమీ కట్టలేదు. దాంతో కుర్చీకి నట్లూ బోల్టులూ బిగించి, పది టన్నులు మోసేటట్టు చేసిచ్చాడు. నలుగురు పడితే గాని కదలదు. వీపు మాత్రం మనిషెత్తు, ఇంత వెడల్పు. దాన్ని చూడగానే నా ఒళ్ళు ఝల్లుమంది. తొమ్మిది రోజులు పట్టింది నాకు. వీపు మధ్యలో కొలను వేశాను, దాన్నిండా తామరలు. ఒక ఒడ్డున వరిచేను, దాని మీంచి ఎగిరిపోయే కొంగలు, లెక్కపెట్టలేదు గాని గుంపే. పైన సాయంత్రపు ఆకాశం, అది మూడు డబ్బాల అడుగులు కలిపి నేను కనిపెట్టిన రంగు, మళ్ళీ ఎప్పుడు కలిపినా కుదరలేదు. నాలుగు పక్కలా గులాబీలు. నీళ్ళలో కొంగల నీడ వేస్తున్నప్పుడు రెండుసార్లు టీ చల్లారిపోయింది, ఒకసారి అన్నం కుక్క తినిపోయింది. ఆఖరిరోజు గుర్తొచ్చింది, ముందు వైపు ఉందని. శాస్త్రం ప్రకారం దానికి సాదాగా ఒక రంగు కొట్టాలి. షెడ్డులో బీరువా రంగు ఒకటి మిగిలి ఉంటే ఒక గంటలో కొట్టేశాను. (బీరువా రంగంటే మీకు తెలుసు. బూడిదలో కాస్త పచ్చ కలిస్తే వచ్చేది. ఆ రంగు చూసి సంతోషపడ్డ మనిషి ఇంతవరకూ లేడు.) కొట్టి, చేతులు కడుక్కుని, ఎంత బాగా వచ్చిందో అనుకున్నాను. నిజంగా అనుకున్నాను. ఒక్క ఆలోచన, ఒక్క అనుమానం వస్తే ఒట్టు.

మావయ్య ఆ రోజులన్నీ తణుకులో ఒక పెద్ద పనిలో ఉండి, సన్మానం రోజు మధ్యాహ్నం నేరుగా కూచిపూడి వస్తానన్నాడు. నేను కుర్చీని రెండు రోజులు ఆరనిచ్చి, చిన్న వ్యానుకి ఎక్కించి, దాని వీపు రోడ్డు వైపుకి తిప్పి (ఇంకెటు తిప్పుతాను!), తాళ్ళతో కట్టి, పక్కనే కూర్చుని బయల్దేరాను. ఆ ప్రయాణం నాకిప్పటికీ కలలాగే గుర్తుంది. ఒక పక్క కాలవ మాతోనే వస్తోంది. ఎండ పల్చగా ఉంది. వెనక వచ్చే బండ్లవాళ్ళందరూ దాటి పోగలిగి కూడా పోకుండా మా వెనకే వస్తున్నారు. ఒక ఆటో అయితే ఉయ్యూరులో తగులుకుని పామర్రు దాకా వదల్లేదు. పామర్రు సెంటర్లో టీకి ఆగితే జనం పోగయ్యారు, అందరూ వెనక వైపే. ఒక ముసలమ్మ కొలనుని వేలితో తాకి, వేలు తడైందేమో చూసుకుంది. దాని ముందు వైపు ఎవరూ చూడలేదు. చూడ్డానికి ఏముందక్కడ, నేను కూర్చున్నాను.

కూచిపూడిలో స్టేజీ దగ్గర దింపుతుంటే కూడా సెక్రటరీ గారు చూసింది వీపే. "అబ్బబ్బబ్బ! అబ్బాయ్, నీ చేతులు ఏవీ, ఒకసారి చూడనీ" అన్నారు. నలుగురం మోసి స్టేజీ మధ్యలో పెట్టాం. ఆయన జనం కూర్చునే చోట నుంచి ఎలా ఉంటుందో చూద్దామని కిందికి దిగి, మొదటి వరసలో కూర్చుని, తల ఎత్తారు. పక్క కుర్చీలోకి జరిగి మళ్ళీ చూశారు. తర్వాత చాలా మర్యాదగా, "బాబూ, పూలేవి?" అన్నారు.

"వెనకున్నాయండి."

"అవును, చూశాను. ముందు?"

"ముందు సాదా అండి."

"మరి ఈ జనం అంతా ముందు కూర్చుంటారు కదా నాయనా. వెనక ఎవరుంటారు?"

వెనక గోడ ఉంది. దాని మీద ఒక బల్లి ఉంది. అప్పుడు, నేను చెప్తున్నాను, అప్పుడు గాని నాకు వెలగలేదు. సరిగ్గా అప్పుడే మావయ్య సంచీ పట్టుకుని లోపలికి వచ్చాడు. కుర్చీ ముందు నుంచి చూశాడు, చుట్టూ తిరిగి వెనక నుంచి చూశాడు, మళ్ళీ ముందుకి వచ్చాడు.

"ఇదేంట్రా?"

"నువ్వే కదా మావయ్యా, చూసేవాడు వెనకుంటాడని..."

"లారీకి రా! అది లారీకి! కుర్చీ వెనక ఎవడొస్తాడ్రా, ఉయ్యూరు నుంచి?" అని నెత్తి కొట్టుకున్నాడు. "హారన్ కొట్టమని రాయలేదు, అదొక్కటీ బతికించావు."

తర్వాత అంతా గబగబా జరిగింది. ఒకాయన దుప్పటి కప్పుదామన్నాడు. ఇంకొకాయన, జనాన్ని వెనక కూర్చోబెడితే ఎలా ఉంటుందన్నాడు. సెక్రటరీ గారు టెంటుహౌసుకి ఫోను చేసి, "ఆ ఎర్రదే... ఆఁ, పెళ్ళికొడుకుదే... గంటలో పంపండి" అన్నారు. మావయ్య నా వైపు చూడకుండా, "రేపు పొద్దున్నే రా. గీకుడు పని ఉంది" అన్నాడు. తిట్టుంటే ఓర్చుకునేవాణ్ణి. మామూలుగా చెప్పాడు. నేను వెళ్ళి కుర్చీ వెనక, గోడకీ దానికీ మధ్య, నా కొలను ఒడ్డున కింద కూర్చున్నాను. అక్కడైతే నేను ఏడిచేది ఎవరికీ కనపడదు. (ఆ వైపు చూసేవాళ్ళు ఎవరూ లేరని అప్పటికే తేలిపోయింది కదా.)

స్టేజీ వెనక వేషాలు కట్టుకునే గది ఉంది. దాని తలుపు తెరుచుకుని ఒక పొట్టి ముసలాయన వచ్చాడు. తెల్లటి పట్టుపంచె, జుట్టంతా దూది. ఆయనే పెద్దమాస్టారు. ఆయన వచ్చిన వైపు నుంచి కనపడేది కుర్చీ వీపే. అక్కడే ఆగిపోయాడు. నేను లేవబోతే చేత్తో వద్దని సైగ చేసి, కొంగల గుంపుని చూస్తూ, "ఇవి చల్లపల్లి వైపు పోతున్నాయా, ఇటు వస్తున్నాయా?" అని అడిగాడు. అంత ఏడుపులోనూ నాకు జవాబు తెలుసు. "ఇంటికి పోతున్నాయండి" అన్నాను. "అదీ" అన్నాడాయన.

సెక్రటరీ గారు పరిగెత్తుకొచ్చారు. "మాస్టారూ, పొరపాటైపోయింది, క్షమించండి. కుర్రాడు వెనకది ముందనుకుని... వేరే కుర్చీ వచ్చేస్తోంది."

"వేరేదెందుకయ్యా?"

"వీపే బాగుందండీ దీనికి. జనానికి వీపు ఎలా చూపిస్తాం?"

పెద్దమాస్టారు పకపకా నవ్వాడు. దగ్గొచ్చేదాకా నవ్వాడు. "ఏమయ్యా, నలభై ఏళ్ళు ఆడవేషం కట్టాను. ఇద్దరు తెర పట్టుకుంటే, జనానికి వీపు పెట్టి నిలబడి, తెర మీంచి జడ వేసేవాణ్ణి ముందు. జడ చూసి ఈలలు వేసేవాళ్ళు, కొబ్బరికాయలు కొట్టేవాళ్ళు. మొహం చూపించేది ఎప్పటికో. నా వీపు చూసి చప్పట్లు కొట్టినవాళ్ళే మీరంతా. వీపు చూపించడం తప్పయితే ఈ సన్మానం దేనికయ్యా నాకు?" అని, నా వైపు తిరిగి, "లే అబ్బాయ్. తిప్పు కుర్చీని. తెర ఎవరి దగ్గరుంది?" అన్నాడు.

ఆ సాయంత్రం జనం నిండాక ఇద్దరు మనుషులు రంగురంగుల తెర పట్టుకుని నిలబడ్డారు. దాని వెనక కుర్చీ, జనానికి వీపు పెట్టి. అందులో మాస్టారు. తాళాలు మొదలయ్యాయి. తెర కొంచెం దిగింది, కొంగలు కనపడ్డాయి. ఇంకొంచెం దిగింది, తామరలు. జనం అబ్బ అన్నారు, ఆ శబ్దం నాకు ఇప్పటికీ వినపడుతుంది. పూర్తిగా దిగాక, కొలను పైన దూదిలాంటి తల ఒకటి నెమ్మదిగా ఒక పక్కకి వాలింది. ఒక చెయ్యి పైకి లేచింది. మెళ్ళో వేసిన పూలదండ తీసి, జడ వేసినట్టు కుర్చీ వీపు మీదుగా జారవిడిచాడు మాస్టారు. దండ తామరల మధ్య ఊగింది. ఈలలు! ఎనభై దాటిన మనిషికి, మొహం ఇంకా చూడకుండానే!

ఇప్పుడు కుర్చీని ముందుకి తిప్పాలి. నలుగురం పట్టాం, అందులో మావయ్య ఒకడు. బరువు చెప్పాను కదా, పైగా మాస్టారు లేవనన్నాడు. మావయ్య ముప్పై ఏళ్ళుగా షెడ్డులోకి లారీల్ని వెనక్కి రప్పించిన మనిషి. మైకు పక్కనే ఉందని చూసుకోకుండా అలవాటుగా ఎత్తుకున్నాడు. "రానీ... రానీ... కొంచెం కుడి... కుడి కొట్టు... రానీ... హోల్డాన్!" అని, కుర్చీ నిలబడగానే దాని చెక్క మీద అరచేత్తో రెండు దెబ్బలు కొట్టి, "రైట్!" అన్నాడు. ఊరంతా మైకులో విని విరగబడి నవ్వింది. మాస్టారు కూర్చున్నచోటే చేతులు రెండూ స్టీరింగు పట్టుకున్నట్టు పెట్టి, కళ్ళు తిప్పి, ఆడవేషంలో సిగ్గుపడ్డట్టు సిగ్గుపడ్డాడు. ఎర్ర కుర్చీ అప్పటికి గేటు దగ్గరికి వచ్చింది. దాని మీద టెంటుహౌసువాడే కూర్చుని చూశాడు కార్యక్రమం.

అయిపోయాక నేను ఆయన కాళ్ళకి దణ్ణం పెట్టి, "వారం టైమివ్వండి మాస్టారూ, ముందు వైపు కూడా పూలు వేసిచ్చేస్తాను" అన్నాను. ఆయన నా బీరువా రంగు వైపు ఒకసారి చూసి, "ముందు నేనుంటానుగా" అన్నాడు. నాకు సరిగ్గా అర్థం కాలేదు. తిరిగి వచ్చేటప్పుడు వ్యానులో మావయ్య కంకిపాడు దాకా నిద్రపోయాడు. అక్కడ లేచి, "ఆ రేకుల షెడ్డు ఎడమ పక్క కారుతుంది, చూసుకో" అన్నాడు.

ఆ కారే షెడ్డులోంచే వచ్చింది నా బతుకంతా. ఇప్పుడు నా దగ్గర పద్నాలుగు మంది పని చేస్తున్నారు. మంచాలు, బీరువాలు, అద్దాల చట్రాలు, దీపాల స్తంభాలు, ఉయ్యాల బల్లలు, అన్నీ రంగులే. నన్ను డిజైనర్ గారూ అంటారు, పిలిచినప్పుడల్లా ఇంకెవరినో అనుకుని వెనక్కి తిరిగి చూస్తాను. ముందు వైపు కూడా వేయడం నేర్చుకున్నాను లెండి. కానీ ప్రతి వస్తువుకీ వెనక కూడా వేస్తాను. మొన్న ఒకావిడ ఫ్లాట్‌కి బీరువా చేసిస్తే, "గోడకి ఆనించేదానికి వెనక నెమలి ఎందుకండీ?" అంది. "ఇల్లు మారేటప్పుడు చూస్తారు కదండీ" అన్నాను. ఆవిడ నా వైపు కొంచెం జాలిగా చూసింది.

పెద్దమాస్టారు పోయి చాలాకాలమైంది. పోయిన ఏడాది ఆయన కోడలుగారు కబురు పెట్టారు. "మీరు ముందు వైపు కూడా వేస్తానన్నారట కదండీ. మామయ్యగారు వద్దన్నారు గాని, ఇప్పుడు వేసేయండి. పిల్లలు డాన్సు నేర్చుకునే చోట పెట్టుకుంటాం" అన్నారు. మంచి రంగులన్నీ కలిపి పట్టుకెళ్ళాను. కుర్చీ వీధరుగు మీదే ఉంది, రోడ్డుకి వీపు పెట్టి. ఆయన ఉన్నన్నాళ్ళూ అలాగే వేసుకుని, ఇంట్లో పిల్లలు నాట్యం చేస్తుంటే చూస్తూ కూర్చునేవాడట. దారినపోయేవాళ్ళకి నా కొలను. నేను ముందుకెళ్ళి కింద కూర్చుని, డబ్బా మూత తీసి చూశాను. బీరువా రంగు భుజాలు ఆనే చోట అరిగిపోయి, చెక్క నునుపు తేలింది. కుడిచెయ్యి పెట్టుకునే చెక్క చివర రంగు పూర్తిగా పోయింది. నాలుగు వేళ్ళ గుర్తులు. పిల్లల నాట్యానికి తాళం వేసి వేసి.

ఎక్కడ కుంచె పెట్టాలో నాకు దొరకలేదు. మూత మళ్ళీ గట్టిగా బిగించాను, తొక్క కట్టకుండా. కోడలుగారు టీ తెస్తానని లోపలికి వెళ్ళారు. ఎవరూ చూడటం లేదు కదా అని ఆ కుర్చీలో కూర్చుని, నా నాలుగు వేళ్ళు ఆ గుర్తుల్లో పెట్టి చూశాను. ఆయన వేళ్ళు సన్నం, నావి పట్టలేదు. నేను కనిపెట్టి పోగొట్టుకున్న ఆ సాయంత్రపు రంగు నా వీపు వెనకే ఉంది, తిరిగి చూడాలనిపించలేదు. ఇంతలో వెనక రోడ్డు మీద ధాన్యం లారీ ఒకటి పేద్ద హారన్ కొట్టింది. ఎవరికి కొట్టిందో ఏమో గాని, కూర్చున్నవాణ్ణి కూర్చున్నట్టే ఎడమ పక్కకి జరిగి దారిచ్చాను.